కిలో బియ్యం ఒక నోటు.. మా కాలనీల ఇది నడుస్తదా? సీరియస్‌గనే అడుగుతున్న

నాగోల్_బస్తా:

నమస్తే అందరికీ, కొంచెం పొడుగు పోస్ట్, ఓపికుంటే చదవండి.

మాది నాగోల్ దిక్కు. ఒకే కాంపౌండ్ల మూడు అపార్ట్‌మెంట్లు ఉంటయ్, అందులకెల్లి 40 ఇండ్లోళ్ళం కలిసి రెండేండ్ల సంది మిర్యాలగూడ సైడు మా మేనమామ దోస్తు మిల్లు నుంచి సీదా బియ్యం తెప్పించుకుంటున్నం. సోనా మసూరి. సంక్రాంతి దాటినంక డీసీఎం వస్తది, సెల్లార్ల జనరేటర్ పక్కన ఖాళీ రూముంటే అండ్ల చెక్క పలకల మీద బస్తాలు పేరుస్తం, ఎవ్వరికి ఎప్పుడు కావాల్నంటే అప్పుడు తీస్కపోతరు. పైసలు ముందే కడ్తరు కాబట్టి నేను చీటీలు రాసిస్త, "10 కిలోలు ఇయ్యాలె" అని, కింద నా సంతకం. అంతే సంగతి.

ఇప్పుడు అసలు కథ. మొన్న ఒకాయన వచ్చిండు, నేనెప్పుడు చూడలే, చేతిల నా చీటీ ఉన్నది. నా రాతనే, నా సంతకమే. మడతలు పెట్టి పెట్టి మడతల కాడ చినిగిపోతున్నది, ఒక మూలకు నూనె మరక. ఇదెక్కడిది అన్నా అంటే మిర్చి బజ్జీల బండాయన ఇచ్చిండట. బజ్జీలాయనకు టైలర్ ఇచ్చిండట, టైలర్‌కేమో మా రెండో ఫ్లోర్ ఆంటీ బ్లౌజుల కుట్టుకూలి కింద ఇచ్చిందట. అంటే నాకు తెల్వకుండనే నా చీటీ ఇన్ని చేతులు తిరిగొచ్చింది! బియ్యం తూచి ఇచ్చిన గని రాత్రి నిద్ర పట్టలే, అరె ఇది నోటే కదా అనిపించింది.

అప్పటిసంది ఇదే ఆలోచన. మంచిగ అచ్చు కొట్టిచ్చి కిలో, 5 కిలోలు, 10 కిలోల చీటీలు చేసి చుట్టుపక్కల కిరాణం, ఇస్త్రీ, టైలర్, కూరగాయల బండోళ్ళతోని మాట్లాడితే ఎట్లుంటది? రూపాయి విలువ ఏడాదికింత పడిపోతనే ఉంటది గని కిలో బియ్యం పదేండ్ల కింద కూడ కిలోనే, పదేండ్లు పోయినా కిలోనే. ఇది లీగల్‌గ చెల్లుతదా లేకుంటే పోలీసోళ్ళు వస్తరా, స్టాక్ ఎంతుంటే అన్ని చీటీలే కొట్టాల్నా లేక బ్యాంకులోళ్ళ లెక్క కొంచెం ఎక్కువ కొట్టినా పర్లేదా, అందరు ఒక్కదినమే వచ్చి బియ్యం ఇయ్యమంటే ఏంది పరిస్థితి.. ఇవి నా డౌట్లు. ఇంట్లనైతే "పిచ్చి లేసిందా" అంటున్నరు.

దిల్‌సుఖ్‌నగర్_బ్యాచిలర్:

అన్నా, గవర్నమెంట్ కొట్టిన పది రూపాయల బిళ్ళనే మన ఊళ్ళె ఎన్నో దుకాణాల తీస్కోరు, చెల్లుతది చెల్లుతది అని ఆర్‌బీఐ ఎన్నిసార్లు చెప్పినా "నడ్వది భయ్యా" అంటరు. నీ జనరేటర్ రూం నోటు నడుస్తదా హహహ

కేపీహెచ్‌బీ_పద్దులు:

జోకు పక్కన పెడితే మీరడిగింది మంచి ప్రశ్నేనండి. నేను ఆడిట్ పని చేస్తాను, లాయర్ని కాదు, అచ్చు వేయించే ముందు ఒక లాయర్‌ని కలవండి. నాకు తెలిసింది చెప్తా.

రిజర్వ్ బ్యాంక్ చట్టం, 1934. నోట్లు వేసే హక్కు ఆర్‌బీఐదే అని సెక్షన్ 22 చెప్తుంది, కానీ మీకు అడ్డొచ్చేది సెక్షన్ 31. "ఈ కాగితం ఎవరు తెస్తే వాళ్ళకి అడగ్గానే ఇంత డబ్బు ఇస్తాం" అని రాసిచ్చే పని ఆర్‌బీఐ, కేంద్ర ప్రభుత్వం తప్ప ఇంకెవరూ చేయకూడదు. మాది డబ్బు కాదు బియ్యం కదా అంటారు, నిజమే, ఆ సెక్షన్ డబ్బు గురించే. కానీ ఏదో ఒకరోజు స్టాక్ అయిపోయి మీరే "బియ్యం లేవు, కిలోకి 55 తీసుకోండి" అంటారు, అనక తప్పదు కూడా, అప్పుడు నేరుగా వెళ్ళి దానికిందే పడతారు.

తర్వాత 2007 పేమెంట్ సిస్టమ్స్ చట్టం. ఇరానీ హోటల్ కౌంటర్లో టోకెన్ తీసుకుని చాయ్ తాగుతాం కదా, దానికి ఎవరికీ అభ్యంతరం లేదు, ఎందుకంటే టోకెన్ ఇచ్చినవాడే చాయ్ పోస్తాడు. అదే టోకెన్ పక్కన పాన్ డబ్బాలోనూ ఎదురుగా మెడికల్ షాపులోనూ చెల్లుతుంది అన్నారనుకోండి, అప్పుడది పేమెంట్ సిస్టమ్ అవుతుంది, ఆర్‌బీఐ పర్మిషన్ కావాలి. మీ చీటీ మీ బియ్యానికే అయితే ఇరానీ చాయ్. మీరే షాపులతో మాట్లాడి ఒప్పందాలు పెట్టుకుంటే మటుకు లెక్క మారిపోతుంది. డబ్బు ముందే వసూలు చేస్తున్నారు కాబట్టి డిపాజిట్ స్కీముల మీద 2019లో వచ్చిన చట్టం గురించి కూడా ఆ లాయర్‌నే అడగండి. ఇంకోటి, ఆ కాగితం మీద గాంధీగారి బొమ్మా అవీ పెట్టే సరదా ఉంటే ఇప్పుడే మానేయండి, నోటు పోలిక రావడమే తప్పు.

సరుకు మీద చట్టబద్ధమైన కాగితం లేకపోలేదు, గోడౌన్ రశీదు ఉంది. 2007 వేర్‌హౌసింగ్ చట్టం కింద రిజిస్టరైన గోడౌన్లో సరుకు పెడితే ఇస్తారు, 2017 నుంచి ఎలక్ట్రానిక్‌గా కూడా వస్తోంది, పేరు మార్చి ఇంకొకరికి అమ్మొచ్చు, బ్యాంకులో పెట్టి లోన్ తీసుకోవచ్చు. మా గుంటూరు వైపు మిర్చి రైతులు కోల్డ్ స్టోరేజీ బాండ్లు తాకట్టు పెట్టడం మామూలే. కానీ ఆ బాండు పట్టుకెళ్ళి ఎవరూ కూరగాయలు కొనరండి.

గంజ్_ముప్పైఏండ్లు:

తమ్మీ నేను మలక్‌పేట గంజ్ల ముప్పై ఏండ్ల సంది బియ్యం దందా చేస్తున్న, చట్టం సంగతి నాకు తెల్వది. "కిలో అంటే ఎప్పటికీ కిలోనే" అన్నవ్ చూడు, ఆడ నవ్వొచ్చింది.

ఏ కిలో? పాత బియ్యమా కొత్తయా? సంక్రాంతికి మిల్లు నుంచి వచ్చినయ్ వండితే అన్నం ముద్దయితది, అవ్వే బియ్యం ఏడాది కూసుంటే పొడిపొడిగ అయితది, ఒదుగుతది, కిలోకు ఎనిమిది పది రూపాయలు ఎక్కువ వస్తది. నీ రూముల పాతయి నాలుగు బస్తాలు మిగిలినప్పుడు కొత్త లోడు దిగిందనుకో, చీటీ తెచ్చినోడు ప్రతి ఒక్కడు పాతయే ఇయ్యమంటడు. నువ్వు చీటీ మీద పాతయి అని రాయలే, కొత్తయి అని రాయలే. రోజు పంచాయితే. నూక ఎంత శాతం ఉండాలె అన్నది కూడ రాయలే. ఒకే మిల్లు నుంచి వచ్చిన రెండు లారీలు ఒక్కతీరు ఉండవు.

ఇగ తరుగు. 26 కిలోల బస్తా ఎండాకాలం దాటేసరికి తేమ పోయి పావుకిలో తగ్గుతది, అది ఎవని నెత్తిన? (26 కిలోల బస్తా ఎందుకొచ్చిందో తెలుసా, 2022 జూలైల 25 కిలోల దాక ప్యాకింగ్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పెట్టిన్రు, అందుకే ఒక కిలో ఎక్కువ పోసి కుట్టుడు మొదలైంది.) నువ్వేమో కిలో చీటీ, 5 కిలోల చీటీ అంటున్నవ్, అంటే బస్తా ఇప్పి చాటల పోసి తూచాలె. తూచినప్పుడల్ల ఇంత కింద పోతది, ఎవ్వడు తక్కువ తూకం తీస్కోడు కాబట్టి పిడికెడు ఎక్కువే పోస్తవ్, ఇప్పిన బస్తాల పదిహేను దినాలకు ముక్కపురుగు. పురుగు అని చెప్పి సెల్లార్ల మందు బిళ్ళలు పెట్టేవ్, దండం పెడ్త ఆ పని చెయ్యకు, ఆ గ్యాస్ పైకి ఇండ్లల్లకు పోతే మనుషులు పోతరు. గోడౌన్ల కూడ తెలిసినోడే పెడ్తడు, తలుపులేసి బయట బోర్డు కడ్తరు.

సరుకు కూసుంటే తింటది తమ్మీ. హమాలీ, కిరాయి, తరుగు, ఎలుకలు. రూపాయి నోటు బీరువల పెడ్తే కనీసం పురుగు పట్టదు.

మా తాత కాలంల ఇవన్నీ లేవా అంటే ఉండె. కళ్ళంలనే కుమ్మరికి కమ్మరికి వడ్లాయనకు అందరికి మేర కొలిచేటోళ్ళు, పైసల్లేవ్, మానెడు, కుంచెడు, అంతే లెక్క. మంచిగుండె అని అందరు అంటరు గని నాగు సంగతి ఎవ్వరు చెప్పరు. వానకాలం ముందు ఇంట్ల గింజలు లేక దొర కాడ రెండు కుంచాలు తెచ్చుకుంటే పంట మీద మూడు కుంచాలు కొలవాలె. నాలుగైదు నెలలకు. గింజలు ఎవ్వని గుమ్మిల ఉంటయో ఆయన చెప్పిందే లెక్క ఉండె, మీ కాంపౌండ్ల ఆ గుమ్మి నీది. దొర అంటే కోపం తెచ్చుకోకు.

సైఫాబాద్_పాతబిళ్ళ:

గంజ్ అన్న పోస్ట్‌కి వంద లైకులు. నాకు పాత నాణేల పిచ్చి, ఆ వైపు నుంచి రెండు ముక్కలు.

సరుకు మీద నిలబడ్డ లోకల్ కరెన్సీ ఈ ఊరికి కొత్తేం కాదు. మా నాయనమ్మ చివరి దాకా "హాలీ", "కల్దార్" అనే చెప్పేది, హాలీ సిక్కా అంటే నిజాం రూపాయి, కల్దార్ అంటే ఇంగ్లీషోళ్ళ రూపాయి. 7 హాలీలకి 6 కల్దార్లు. ఈ 7కి 6 ఎక్కడ్నించి వచ్చిందా అని చిన్నప్పట్నించీ అనుకునేవాణ్ణి, తర్వాత నా దగ్గరున్న చార్మినార్ రూపాయి తూచి చూస్తే అర్థమైంది. హాలీ రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం, అంటే అసలు వెండి 9.14 గ్రాములు. కల్దార్ 11.66 గ్రాములు, 91.7 శాతం, అసలు వెండి 10.69. భాగించండి, 0.855 వస్తుంది. 6ని 7తో భాగిస్తే 0.857. రేటు వెండిలోనే ఉంది!

అయితే మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చి 1918లో నిజాం సర్కారు కాగితం నోట్లు వేసింది, 1940లలో రెండు రూపాయల్లోనూ వెండి బాగా తగ్గించేశారు. వెండి పోయినా మా నాయనమ్మ లెక్కలో 7కి 6 పోలేదు. 1959 దాకా హాలీ చెల్లింది. మరి వెండి లేకుండా దాన్ని నిలబెట్టిందేంటి? శిస్తు హాలీలో కట్టించుకున్నారు, జీతాలు హాలీలో ఇచ్చారు. అదే. మీ రూములో బస్తాలు ఎన్నున్నాయి అన్నదాని కన్నా ఈ కాగితాన్ని ఎవరు కాదనకుండా తీసుకోవాల్సి వస్తుంది అన్నదే నాకు పెద్ద ప్రశ్న.

ఆస్ట్రియాలో వోర్గెల్ అని చిన్న ఊరు, నాలుగు వేల పైచిలుకు జనం, 1932లో పనుల్లేక అల్లాడుతుంటే అక్కడి మేయర్ ఉంటర్‌గుగెన్‌బర్గర్ ఊరి నోట్లు వేశాడు. నెలకి ఒక శాతం స్టాంపు అంటించకపోతే నోటు చెల్లదు, కాబట్టి ఎవరూ దాచుకోకుండా చకచకా ఖర్చు పెట్టేవాళ్ళు. రోడ్లు అవీ వేయించాడు. జనం ఎందుకు తీసుకున్నారు అంటే ఆ నోటుతో మునిసిపాలిటీ పన్ను కట్టొచ్చు. 1933 సెప్టెంబర్లో ఆస్ట్రియా సెంట్రల్ బ్యాంక్ ఆపించేసింది, అది వేరే సంగతి.

గంజ్ అన్న చెప్పిన "ఏ కిలో" గొడవ అమెరికాలో వర్జీనియా వాళ్ళు ఎప్పుడో పడ్డారు. అక్కడ పొగాకే డబ్బు. పన్ను పొగాకులో కట్టమంటే ఎవరింట్లో పనికిరాని చెత్త ఆకు ఉంటే అది తెచ్చి కట్టేవాళ్ళు (మనమైతే తేమా?). చివరికి 1730లో చట్టం చేసి సర్కారు గోడౌన్లు పెట్టి, ఇన్‌స్పెక్టర్లు ప్రతి పీపా తెరిచి చూసి, చెత్తని తగలబెట్టి, మంచిదానికి రశీదు ఇచ్చారు. ఆ రశీదులే నోట్లలా తిరిగాయి. ఇన్‌స్పెక్టర్‌ని పెట్టే స్తోమత ఉందా మీ కాలనీకి?

ఒక్క సరుకైతే రేటు ఊగుతుందని 1972లో అమెరికాలోనే ఎక్సెటర్ అనే ఊళ్ళో రాల్ఫ్ బోర్సోడి అనే పెద్దాయన 30 సరుకుల ధరలు కలిపి లెక్కగట్టి "కాన్‌స్టంట్" అని కరెన్సీ నడిపాడు, రెండేళ్ళకి ఆగిపోయింది. 30 సరుకులు నీ జనరేటర్ రూములో పట్టవులే.

అల్వాల్_అక్క:

తమ్ముడూ మేం ఇది చేసి చూసినం కాబట్టి చెప్తున్న. మా కాలనీల ఆడోళ్ళం ఒక పదిహేను మందిమి, ప్లాస్టిక్ బిళ్ళలు కొని వాటి మీద పర్మనెంట్ మార్కర్‌తోని నంబర్లు వేసినం, 200 బిళ్ళలు, బిళ్ళకు కిలో బియ్యం. మొదటి నెల పండగే పండగ. బ్యూటీ పార్లర్ ఆమె తీస్కున్నది, పూలామె తీస్కున్నది, ఫొటోలు కూడ దిగినం.

మూడో నెలల కిరాణం అన్న పిలిచిండు. గల్లాపెట్టె పక్కన హార్లిక్స్ సీసా, దాని నిండ మా బిళ్ళలే. లెక్కపెడ్తే 140. మనసులేమో గాని మొహమాటానికి అందరి దగ్గర తీస్కున్నడు పాపం, ఎందుకంటే మేమే ఆయనకు గిరాకీ. ఆయన హోల్‌సేల్ల సబ్బులు నూనెలు కొనాలంటే బిళ్ళలు ఎవరు తీస్కుంటరు? ఆయన ఇంటికి కావల్సిన బియ్యం ఎన్ని, నెలకు ఇరవై కిలోలు. పైగా ఆయనే బియ్యం అమ్ముతడు!! 140 కిలోలు ఒక్కసారి ఇయ్యండి లేకుంటే పైసలు ఇయ్యండి అన్నడు, పైసలే ఇచ్చినం. ఆ తర్వాత ఎవ్వరం బిళ్ళల పేరు ఎత్తలే. మా చిన్నోడు వాటితోని క్యారమ్స్ ఆడుతడు.

ఇంకోటి నువ్వు లెక్కల పెట్టుకోలే. రేషన్ కార్డు ఉన్నోళ్ళకు 2025 ఉగాది సంది సన్నబియ్యమే ఇస్తున్నరు, మనిషికి 6 కిలోలు, ఫ్రీగ. ఇస్త్రీ ఆయన ఇంట్ల ఐదుగురుంటే 30 కిలోలు. ఆయనకు బియ్యం బాకీ లేదు, ఆయనకు స్కూల్ ఫీజు బాకీ, బండి ఈఎంఐ బాకీ. మా ఇస్త్రీ ఆయన బిళ్ళ చూసి "అమ్మా ఇది స్కాన్ అయితదా" అన్నడు.

ఇసొంటివి అస్సలు నడవవు అనను. జహీరాబాద్ దిక్కు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు బీడు భూములు సాగులోకి తెచ్చుకునేటందుకు అప్పు ఇచ్చి, ఆ అప్పు జొన్నల రూపంల తిరిగి తీస్కొని, ఊళ్ళెనే నిల్వ పెట్టి పేదోళ్ళకు తక్కువ రేటుకు ఇచ్చిన్రు. వాళ్ళు నోటు గీటు అచ్చెయ్యలే. పండించేది తినేది ఒక్కరే ఆడ. మన దగ్గర పండించేటోళ్ళు ఎవ్వరు తమ్ముడూ, బాల్కనీల కరివేపాకు తప్ప.

నాగోల్_బస్తా:

అందరికీ థాంక్స్, ఇన్ని వస్తయనుకోలే. గంజ్ అన్నా కోపమేం లేదు గని "గుమ్మి నీది" అన్న మాట రెండు రోజులు గుచ్చుకున్నది.

పాతబిళ్ళ అన్న పన్ను ముచ్చట చెప్పంగనే నాకు మెరిసింది, మాకు పన్ను అంటే మెయింటెనెన్స్ కదా! అసోసియేషన్ మెయింటెనెన్స్ చీటీలల్ల తీస్కుంటే ప్రతి ఫ్లాట్‌కు చీటీ అక్కరొస్తది, ఇగ ఎవ్వరు కాదనరు అని ఆదివారం మీటింగ్ల లేపిన. ట్రెజరర్ అంకుల్ రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఒక్క మాట తిట్టకుండ చిట్టా పుస్తకం నా ముందల పెట్టిండు. కరెంటు బిల్లు రూపాయలు. లిఫ్ట్ సర్వీసు రూపాయలు. ట్యాంకర్లు రూపాయలు, అది కూడ ఎండాకాలం ట్యాంకర్ దిగకముందే ఫోన్‌పే. ఇద్దరు వాచ్‌మన్ల జీతం రూపాయలు, ఊరికి పంపాలె. మొత్తం తిరగేస్తే బియ్యంల కట్టగలిగేది ఒక్కటే దొరికింది, కింది వాచ్‌మన్ రేషన్ ఊళ్ళె వాళ్ళమ్మ తీస్కుంటది కాబట్టి ఈడ కొనుక్కుంటడు, నెలకు 30 కిలోలు. అంటే మా దేశం మొత్తం నెలకు 30 నోట్ల దేశం. అంకుల్ సీరియస్‌గ "ఇంకొక వాచ్‌మన్‌ను పెడితే 60 నోట్లు వేయొచ్చు బాబూ" అన్నడు, మీటింగ్ అంత నవ్వుడే.

కాబట్టి నోటు లేదు. చీటీలు పేర్ల మీదనే, వేరేవాళ్ళు తెస్తే ఆ పేరున్నోళ్ళకు ఫోన్ చేసి అడిగినంకనే ఇస్త. స్టాక్ కంటె ఒక్క చీటీ ఎక్కువ రాయను, రూం తాళం రెండోది అంకుల్ దగ్గర, నెలనెలా బస్తాలు లెక్కపెట్టి నోటీస్ బోర్డు మీద పెడ్తం. టైలర్ అన్నకు మాత్రం మొహం వాడిపోయింది, ఆయనకు రేషన్ కార్డు ఇంకా రాలే, ఆ చీటీలు నిజంగనే పనికొచ్చినయట. ఆయన పేరు కూడ రిజిస్టర్ల రాసుకున్న, నెలకు ఒక బస్తా, కుట్టుకూలి ఆంటీల దగ్గర ఆయనే చూసుకుంటడు.

గంజ్ అన్నా ఒకటి అడగాలె. ఈసారి సంక్రాంతి లోడు తోని ఒక ఇరవై బస్తాలు ముట్టకుండ పక్కన పెట్టి వచ్చే ఏడాది పాత బియ్యం లెక్కల అమ్ముకుంటే తరుగు, పురుగు పోను మిగుల్తదా?

దిల్‌సుఖ్‌నగర్_బ్యాచిలర్:

అన్నా ట్యాంకర్ మీద నోటు కొట్టు. మే నెలల డాలర్ కూడ దాని ముందు నిలబడదు

గంజ్_ముప్పైఏండ్లు:

సెల్లార్ల ఏడాది అంటే ఇరవై వద్దు తమ్మీ, ఐదు పెట్టి చూడు. గోడకు జానెడు దూరం ఉండాలె, కింద పలకలు, వానకాలం మొదలు కాకముందే ఒకసారి నీడల ఆరబొయ్యి. ఎండల పొయ్యకు, గింజ పగిలి నూకైతది. ఏ మిల్లో చెప్తే తేమ ఎంతున్నప్పుడు దించుకోవాల్నో చెప్త, లోడు కట్టేముందు ఫోన్ చెయ్యి, నంబర్ మెసేజ్‌ల పెడ్తున్న.